అడ్డురాయి ఎక్కడ ఉన్నది?
ఫ్రాన్సిస్ కాలిన్స్ విశ్వాస యాత్రపై ఒక కాపరి పరిశీలన

ఉపోద్ఘాతం

సుమారు పాతికేళ్ళ క్రితం మేము ఒక పట్టణ సంఘంలో పరిచర్య చేస్తున్న దినాలలో, ఇంటర్మీడియట్ బై.పి.సి. చదువుతున్న ఒక యువకుడు యౌవనస్థుల కూడిక ముగిసిన తరువాత మా యొద్దకు వచ్చాడు. "అయ్యగారూ, జంతుశాస్త్రం పరీక్షలో జీవపరిణామం మీద ప్రశ్న వస్తుంది. పుస్తకంలో ఉన్నది రాస్తే మార్కులు వస్తాయి, మీరు చెప్పింది రాస్తే రావు. నేను ఏది నమ్మాలి?" అని అడిగాడు. "పరీక్షలో వాళ్ళ జవాబు రాయి బాబూ, హృదయంలో మన జవాబు ఉంచుకో" అని మేము చెప్పాము. ఆ జవాబు అప్పట్లో మాకు చాలా తెలివైనదిగా తోచింది. తరువాత రెండు మూడు సభలలో కూడా దానిని చెప్పాము.

ఆ యువకుడు వైద్యుడయ్యాడు. చాలా ఏళ్ళ తరువాత అతని తల్లి భూస్థాపన ఆరాధనలో మరల కలిశాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మీరు చెప్పినట్టే రెండు జవాబులు పెట్టుకున్నానండి అయ్యగారూ. కొన్నేళ్ళకు ఆదివారం జవాబుతో పని పడలేదు" అన్నాడు. అతని మాటలో కోపం లేదు. అందుకే అది మమ్మును ఎక్కువగా బాధించింది. అతనిని సంఘానికి దూరం చేసినది డార్వినా, లేక మేము ఇచ్చిన జవాబా అని ఆలోచించక తప్పలేదు.

ఈ ప్రశ్నతోనే మేము ఫ్రాన్సిస్ కాలిన్స్ రచించిన ‘ద లాంగ్వేజ్ ఆఫ్ గాడ్’ (దేవుని భాష) అనే గ్రంథాన్ని చదివాము. పరిణామ సిద్ధాంతాన్ని వదలకుండా క్రీస్తునొద్దకు వచ్చిన ఒక యువకుని సాక్ష్యం అందులో ఉన్నది. ఆ సాక్ష్యంలోని బలమేమిటి, ఆ గ్రంథంలోని వాదనల లోపాలేమిటి, మన కాపరులు దాని నుండి ఏమి నేర్చుకొనవచ్చును అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిస్తాము.

1. గ్రంథకర్త, గ్రంథం

ఫ్రాన్సిస్ కాలిన్స్ 1950లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జన్మించారు. వైద్యుడు, జన్యుశాస్త్రవేత్త. 1989లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధికి కారణమైన జన్యువును కనుగొన్న పరిశోధకులలో ఆయన ఒకరు. 1993 నుండి అమెరికా ప్రభుత్వం తరఫున మానవ జీనోమ్ పథకానికి నాయకత్వం వహించారు. మానవ శరీరంలోని సుమారు 300 కోట్ల జన్యు అక్షరాలను వరుసగా చదివే పని అది. దాని తొలి ముసాయిదాను 2000 జూన్ 26న అధ్యక్షుడు క్లింటన్ సమక్షంలో ప్రకటించారు. 2003 ఏప్రిల్‌లో పథకం పూర్తయినదని ప్రకటించారు. తరువాత 2009 నుండి 2021 వరకు కాలిన్స్ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు అధిపతిగా ఉన్నారు.

ఆయన గ్రంథం 2006లో వెలువడినది. రిచర్డ్ డాకిన్స్ నాస్తిక గ్రంథం ‘ద గాడ్ డెల్యూషన్’ వెలువడినది కూడా ఆ సంవత్సరమే. కాలిన్స్ గ్రంథంలో పదకొండు అధ్యాయాలున్నాయి. మొదటి రెండు అధ్యాయాలలో ఆయన సాక్ష్యం, విశ్వాసానికి ఎదురయ్యే అభ్యంతరాలు ఉన్నాయి. మధ్య భాగంలో విశ్వం, జీవం, జీనోమ్ గురించిన వివరణ ఉన్నది. చివరి భాగంలో నాస్తికత్వం, సృష్టివాదం, ‘ఇంటెలిజెంట్ డిజైన్’ వాదం అనే మూడు మార్గాలను పరిశీలించి, తాను ‘బయోలోగోస్’ అని పేరు పెట్టిన నాలుగవ మార్గాన్ని ప్రతిపాదిస్తారు. దేవుడు పరిణామ ప్రక్రియ ద్వారానే జీవరాశిని, మానవ దేహాన్ని కలుగజేశాడన్నదే ఆ ప్రతిపాదన సారాంశం. దైవశాస్త్ర తరగతులలో దీనిని దైవ పరిణామవాదం అంటాము.

2. ఆ యువకుడు వచ్చిన త్రోవ

కాలిన్స్ బాల్యంలో ఇంటిలో భక్తి గాని, భక్తి మీద ద్వేషం గాని లేదు. సంగీతం నేర్చుకొనుటకు తల్లిదండ్రులు ఆయనను ఎపిస్కోపల్ సంఘపు గాయక బృందానికి పంపారు. అయితే అక్కడ చెప్పే దైవశాస్త్రాన్ని అంతగా పట్టించుకోవద్దని సలహా కూడా ఇచ్చారు. కళాశాలకు వచ్చేసరికి ఆయన అజ్ఞేయవాది. యేల్ విశ్వవిద్యాలయంలో భౌతిక రసాయన శాస్త్రంలో పరిశోధన చేసే నాటికి నాస్తికుడు. సమస్తాన్ని గణిత సమీకరణాలతో వివరించవచ్చునన్న ధీమా ఆయనను అటు నడిపించినది.

తరువాత ఆయన ఉత్తర కరొలినాలో వైద్యవిద్యలో చేరారు. అక్కడ రోగుల పడకల ప్రక్కన నిలువవలసి వచ్చినది. తీవ్రమైన గుండెనొప్పితో బాధపడుతున్న ఒక వృద్ధురాలు తన విశ్వాసాన్ని గురించి చెప్పి, నీవు ఏమి నమ్ముతావని ఆయనను అడిగినది. ఆయన జవాబు చెప్పలేక తడబడ్డారు. ఆధారాలను చూడకుండా ఒక నిర్ణయానికి రావడం శాస్త్రవేత్త చేయదగిన పని కాదు కదా, మరి దేవుని విషయంలో నేను చేసినది అదే కదా అన్న తలంపు ఆయనను వదలలేదు.

ఆయన దగ్గరలో నివసించే ఒక మెథడిస్టు కాపరి యొద్దకు వెళ్ళి తన ప్రశ్నలన్నీ చెప్పారు. ఆ కాపరి ఓపికతో విని, సి.ఎస్. లూయిస్ గ్రంథం ‘మియర్ క్రిస్టియానిటీ’ని చేతికిచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బి.బి.సి. రేడియోలో లూయిస్ చేసిన ప్రసంగాల నుండి కూర్చి 1952లో ప్రచురించిన గ్రంథమది. మంచి చెడ్డలను గూర్చిన ఒక నియమం మానవులందరి యందు పనిచేయుచున్నదని, ఆ నియమం ఒక నియమకర్తను సూచించుచున్నదని లూయిస్ వాదిస్తాడు. ఈ వాదన కాలిన్స్‌ను కదిలించినది. కొంతకాలం పెనుగులాడిన తరువాత, 27 ఏళ్ళ ప్రాయంలో, కాస్కేడ్ పర్వతాలలో నడకకు వెళ్ళినప్పుడు గడ్డకట్టిన ఒక గొప్ప జలపాతాన్ని చూశారు. మరునాటి ఉదయం మంచుతో తడిసిన గడ్డి మీద మోకరించి తన్ను తాను యేసుక్రీస్తుకు అప్పగించుకున్నారు.

ఈ సాక్ష్యంలో మూడు సంగతులు మమ్మును ఆపినవి.

మొదటిది, ప్రశ్న అడిగినది పండితుడు కాదు, ఒక రోగి. ఆమె వాదించలేదు. తన బాధలో తనకున్న నిరీక్షణను చెప్పి, ఒక్క ప్రశ్న అడిగినది.

రెండవది, కాపరి తనకు తెలియని శాస్త్రాన్ని తెలిసినట్టు మాట్లాడలేదు. గద్దించలేదు. ఒకప్పుడు తానూ నాస్తికుడై యుండి అదే పెనుగులాటలో నుండి వచ్చిన వేరొకని చేతికి ఆ యువకుని అప్పగించాడు. తన హద్దు ఎరిగిన కాపరి చేయగల మంచి పని అది.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. విశ్వాసానికి అడ్డుగా నిలిచిన నాలుగు అభ్యంతరాలను కాలిన్స్ రెండవ అధ్యాయంలో చర్చిస్తారు: దేవుడనే భావన మన కోరికలలో నుండి పుట్టినదేనా? మతం పేరిట ఇన్ని ఘోరాలు ఎందుకు జరిగినవి? ప్రేమగల దేవుడు శ్రమను ఎందుకు అనుమతిస్తాడు? బుద్ధిగల మనుష్యుడు అద్భుతాలను ఎట్లు నమ్మగలడు? ఈ నాలుగింటిలో పరిణామ సిద్ధాంతం లేదు. ఆయన దానిని గెలిచి గాని విడిచి గాని విశ్వాసానికి రాలేదు. విశ్వాసంలోనికి వచ్చిన తరువాతనే అది ఇతర విశ్వాసులకు సమస్యగా ఉన్నదన్న సంగతి ఆయనకు బరువైనది. అంటే అడ్డురాయి ఆయన త్రోవలో లేదు. మన వాకిట ఉన్నది.

మన యౌవనస్థుల శిబిరాలలో ఏమి జరుగుచున్నదో ఆలోచించండి. విజ్ఞానశాస్త్రం మాట రాగానే మొదటి పాఠం డార్వినుకు ఖండన. శ్రమను గూర్చి, అద్భుతాలను గూర్చి, మతం పేరిట జరిగే అన్యాయాన్ని గూర్చి పిల్లలు లోలోపల అడుగుకొనే ప్రశ్నలకు సమయం మిగలదు.

3. జీనోమ్ చెప్పే సాక్ష్యం

కాలిన్స్ పరిణామాన్ని ఎందుకు అంగీకరిస్తారో తెలియకుండా ఆయనను విమర్శించుట న్యాయం కాదు. మొదట ఒక అపోహను తొలగించాలి. ఇప్పుడున్న కోతి మనిషిగా మారినదని శాస్త్రం చెప్పదు. కోతులకు, వాలిడులకు, మనుష్యులకు బహు పూర్వకాలంలో ఉమ్మడి పూర్వికులున్నారని చెప్పుచున్నది. ఈ తేడా తెలియకుండా వేదిక మీద చేసే హాస్యం మొదటి వరుసలో కూర్చున్న వైద్య విద్యార్థిని దూరం చేస్తుంది.

ఆయన చూపే ఆధారాలలో రెండు మన పాఠకులకు సులభంగా అర్థమవుతాయి. మానవులకు 23 జతల క్రోమోజోములు, చింపాంజీ మొదలైన పెద్ద వాలిడులకు 24 జతలు ఉన్నాయి. మానవుల రెండవ క్రోమోజోమును పరిశీలిస్తే, వాలిడులలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు కొనకు కొన అతుకుకున్నట్టు కనిపిస్తుంది. సాధారణంగా క్రోమోజోము కొనలలో మాత్రమే ఉండే అక్షరాల వరుస ఇక్కడ నడుమ ఉన్నది.

రెండవ ఆధారం, ఎలుక జీనోమ్‌లోను మానవ జీనోమ్‌లోను ఒకే స్థానంలో కనబడే పాత పునరావృత ఖండాలు. వీటిలో కొన్ని ప్రవేశించినప్పుడే విరిగిపోయినవి. ఆ విరిగిన ముక్కలు రెండు జాతులలోను ఒకే చోట ఉన్నాయి.

దీని బలం సెమినరీలో చదివినవారికి తెలియనిది కాదు. క్రొత్త నిబంధన పాఠ విమర్శలో మనకు నేర్పిన మొదటి సూత్రాలలో ఒకటి ఇది: రెండు చేతిప్రతులలో ఒకే చోట ఒకే పొరపాటు ఉంటే, ఆ రెండూ అదే పొరపాటు గల ఒక పూర్వప్రతి నుండి వచ్చినవని భావించాలి. సరియైన పాఠం రెండింటిలో ఉండుటకు అనేక కారణాలు ఉండవచ్చును. ఒకే తప్పు ఒకే చోట ఉండుటకు మాత్రం ఉమ్మడి మూలమే తగిన కారణం. గ్రీకు ప్రతుల వంశవృక్షాన్ని ఈ సూత్రంతో గీసి పరీక్ష రాసిన మనం, జన్యుశాస్త్రవేత్త అదే సూత్రంతో గీచిన వంశవృక్షాన్ని చూచి నవ్వుట సమంజసమేనా?

ఇక్కడ ఒక దిద్దుబాటు కూడా అవసరం. ఈ పునరావృత ఖండాలలో చాలా భాగానికి ఏ పనీ లేదన్నట్టు 2006లో కాలిన్స్ వ్రాశారు. తరువాతి పరిశోధనలలో వాటిలో కొన్నింటికి పని ఉన్నట్టు తేలినది. "నిరుపయోగం" అనే మాట మీద ఆయన మోపినంత బరువు మోపకూడదు. అయితే వాదన ప్రాణం ఆ మాటలో లేదు. ఉమ్మడి స్థానంలో, ఉమ్మడి విరుపులో ఉన్నది. అది నిలిచియున్నది.

4. సంఘ చరిత్రలో ఈ ప్రశ్న

పరిణామాన్ని అంగీకరించువాడు వాక్యాన్ని త్రోసివేసినవాడే అన్న మాట మన మధ్య తరచుగా వినబడుతుంది. చరిత్ర అంత తేలికగా లేదు.

అయిదవ శతాబ్దపు ఆరంభంలో అగస్టీను ఆదికాండముపై వ్రాసిన వ్యాఖ్యానంలో, సృష్టి దినాలను మన సాధారణ దినాలవలె తీసికొనలేదు. దేవుడు సమస్తాన్ని ఒకేసారి సృజించి, తరువాత కాలంలో వెలువడవలసినవాటిని విత్తనాలవలె అందులో ఉంచాడని తలంచాడు. ప్రకృతి విషయాలలో క్రైస్తవులు తెలియకుండా మాట్లాడితే, అవిశ్వాసులు పునరుత్థానాన్ని గూర్చిన మన మాటను కూడా నమ్మరని హెచ్చరించాడు. ఆయన పరిణామవాది అని మేము చెప్పుట లేదు. భూమి వయస్సు కొన్ని వేల ఏళ్ళేనని ఆయన కూడా నమ్మాడు. కాని వాక్యాధికారానికి లోబడుతూనే అక్షరార్థాన్ని గూర్చి వేరుగా ఆలోచించుటకు సంఘంలో స్థలమున్నదని ఆయన మాదిరి చూపుచున్నది.

డార్విన్ గ్రంథం 1859లో వెలువడినప్పుడు అమెరికాలో దానిని సమర్థించిన వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే భక్తిగల క్రైస్తవుడు. ప్రిన్స్‌టన్ సెమినరీలో చార్లెస్ హాడ్జ్ 1874లో డార్విన్ వాదం నాస్తికత్వమేనని తీర్పు చెప్పాడు. అదే సెమినరీలో తరువాత బోధించి, లేఖనాల నిర్దోషత్వాన్ని గట్టిగా సమర్థించిన బి.బి. వార్‌ఫీల్డ్, దేవుని పాలనకు లోబడిన పరిణామానికి అవకాశమున్నదని అన్నాడు. 1910 నుండి 1915 వరకు వెలువడిన ‘ద ఫండమెంటల్స్’ సంపుటాలలో వ్రాసిన జేమ్స్ ఆర్ భూమి అతి పురాతనమైనదని అంగీకరించాడు, పరిణామాన్ని పూర్తిగా త్రోసివేయలేదు. ఆరువేల ఏళ్ళ భూమిని శాస్త్రీయంగా నిరూపించవచ్చునన్న వాదన సువార్త సంఘాలలో విస్తరించినది ముఖ్యంగా 1961లో విట్‌కోంబ్, మోరిస్ వ్రాసిన ‘ద జెనెసిస్ ఫ్లడ్’ తరువాతనే.

కాబట్టి ఈ విషయంలో భిన్నాభిప్రాయం విశ్వాసులకు అవిశ్వాసులకు మధ్య మాత్రమే ఉన్నది కాదు. వాక్యాన్ని ప్రేమించినవారి మధ్యనే ఉన్నది.

5. గ్రంథంలోని లోపాలు

కాలిన్స్ సాక్ష్యం ఎంత బలమైనదైనను, ఆయన దైవశాస్త్ర నిర్మాణంలో బలహీనతలున్నాయి. వాటిని దాచి ఈ గ్రంథాన్ని యౌవనస్థుల చేతికిచ్చుట మేలు కాదు.

(అ) నైతిక నియమం మరియొక ఖాళీయా?

శాస్త్రం ఇంకా వివరించని ఖాళీలలో దేవుని నిలుపవద్దని కాలిన్స్ పదే పదే హెచ్చరిస్తారు. ఖాళీ పూడిన దినాన దేవునికి చోటు లేనట్టు కనిపిస్తుంది గనుక ‘ఇంటెలిజెంట్ డిజైన్’ వాదాన్ని ఆయన ఈ కారణంతోనే విమర్శిస్తారు. అయితే తన ‘బయోలోగోస్’ ప్రతిపాదనలోని ఆరవ అంశంలో, నైతిక నియమం, దేవుని కొరకైన అన్వేషణ పరిణామానికి అందనివని చెబుతారు. నాజీల చేతినుండి యూదులను కాపాడిన ఆస్కార్ షిండ్లర్, మదర్ తెరీసా వంటివారి నిస్వార్థ త్యాగాన్ని ప్రకృతివరణం వివరించలేదని వాదిస్తారు. దేహం విషయంలో మూసిన తలుపును మనస్సాక్షి విషయంలో తెరచినట్టయినది. సహకారం, త్యాగం ఎట్లు పుట్టినవో వివరించుటకు జీవశాస్త్రవేత్తలు అర్ధ శతాబ్దానికి పైగా కృషి చేస్తున్నారు. రేపు వారు తృప్తికరమైన వివరణ ఇస్తే, కాలిన్స్ గ్రంథం మీద ఆనుకున్న విద్యార్థి పరిస్థితి ఏమిటి?

ఈ చిక్కుకు లేఖనాలలోనే దారి ఉన్నదని మా అభిప్రాయం. 139వ కీర్తన 13వ వచనంలో భక్తుడు తల్లి గర్భంలో తన్ను నిర్మించినవాడు దేవుడేనని స్తుతిస్తాడు. పిండం ఎట్లు ఎదుగునో నేడు మనకు వారం వారం తెలుసు. అందుచేత ఆ కీర్తన అబద్ధం కాలేదు. దేహాన్ని ప్రకృతి క్రమంలో నిర్మించుట దేవుని పని అయితే, మనస్సాక్షిని ఆ క్రమంలోనే నిర్మించుట కూడా ఆయన పని కావచ్చును. రోమా 2:14-15లో పౌలు హృదయంలో వ్రాయబడిన నియమాన్ని గూర్చి చెప్పినప్పుడు, అది ఏ విధంగా వ్రాయబడినదో చెప్పలేదు. దాని యెదుట అందరూ లెక్క చెప్పవలసినవారేనని చెప్పాడు. నైతిక నియమం బలం దాని పుట్టుకలోని రహస్యంలో లేదు, మన మీద దానికున్న అధికారంలో ఉన్నది. కాలిన్స్ వాదన ఈ దిశగా సాగియుంటే ఇంకా గట్టిగా నిలిచేది.

(ఆ) ఆదాము, పతనం, మరణం

జన్యువుల వైవిధ్యాన్ని బట్టి, నేటి మానవులు లక్ష నుండి లక్షన్నర ఏళ్ళ క్రితం జీవించిన సుమారు 10,000 మంది గల సమూహం నుండి వచ్చారని కాలిన్స్ చెబుతారు. అట్లయితే ఆదాము హవ్వలు ఎవరు? రోమా 5:12-21, 1 కొరింథీ 15:21-22 వచనాలను ఎట్లు అర్థం చేసికొనాలి? కాపరికి ఇదే అసలు ప్రశ్న. ఆయన లూయిస్ ఆలోచనను ప్రస్తావించి, ఇది అక్షరార్థమా అలంకారమా అన్నది విశ్వాసికి ఆటంకం కారాదని సూచించి త్వరగా ముందుకు వెళ్ళిపోతారు. జీనోమ్‌కు ఇచ్చిన శ్రద్ధలో సగమైనా రోమా పత్రికకు ఇవ్వలేదు.

ఈ ఖాళీని పూరించుటకు ఇతరులు ప్రయత్నించారు. డెరెక్ కిడ్నర్ 1967లోనే తన ఆదికాండ వ్యాఖ్యానంలో, ఆదాము తన కాలపు ఇతర మానవులకు కూడా ప్రతినిధిగా నియమింపబడియుండవచ్చునని సూచించాడు. 2019లో జాషువా స్వామిదాస్, ఇటీవలి కాలంలో జీవించిన ఒక జంట నేటి మానవులందరికీ వంశవృక్షం రీత్యా పూర్వికులై యుండుటను జన్యుశాస్త్రం కాదనలేదని వాదించాడు. 2021లో విలియం లేన్ క్రెయిగ్ చారిత్రక ఆదామును అతి పురాతన కాలంలో ఉంచాడు. వీటిలో ఏ ఒక్కటి చివరి మాట అని మేము చెప్పుట లేదు. అయితే రోమా 5వ అధ్యాయంలో పౌలు వాదన బరువు క్రీస్తు మీద పడినదని మరువరాదు. పాపం అందరినీ ఏలుచున్నదని, ఒక్కని విధేయత చేత విడుదల కలిగినదని చెప్పుట ఆయన ఉద్దేశం. పతనం నిజం కాదన్నవాడు ఈ వాదనను విరుస్తాడు. పతనం ఎప్పుడు, ఎట్లు జరిగినదో పూర్తిగా చెప్పలేనన్నవాడు విరువడు.

దీనికంటె కష్టమైనది మరణపు ప్రశ్న. ప్రకృతివరణమంటే లెక్కలేనన్ని ప్రాణుల ఆకలి, వ్యాధి, మరణం. ఇవన్నీ మానవుని పాపానికి పూర్వమే ఉన్నట్టయితే మంచి దేవుని సృష్టిలో వాటి స్థానమేమిటి? కాలిన్స్ తన కుటుంబంలో జరిగిన ఒక ఘోరాన్ని కూడా మరుగుపరచకుండా వ్రాసి, మానవ శ్రమను గూర్చి నిజాయితీగా మాట్లాడుతారు. కాని ఈ ప్రాణికోటి మూలుగును ఆ లోతులో పట్టించుకోలేదు. రోమా 8:19-22 సృష్టి అంతా ప్రసవవేదన పడుచున్నదని చెబుతుంది. సిలువ వేయబడిన దేవుని కుమారుని విడిచి ఈ ప్రశ్నకు జవాబు వెదకుట వ్యర్థం. ఈ గ్రంథంలో సృష్టికర్త స్పష్టంగా కనబడినంతగా సిలువ కనబడదు.

(ఇ) సంఘం ఎక్కడ?

కాలిన్స్ యాత్ర చాలా వరకు ఒంటరి యాత్ర. ఒక గ్రంథం, ఒక మనస్సు, ఒక పర్వతం. బాప్తిస్మం, ప్రభు సంస్కారం, సహవాసం నేపథ్యంలో ఉండిపోయినవి. మన దేశంలో ఒక యువకుడు విశ్వాసానికి వచ్చినా, విశ్వాసం విడిచినా, ఆ సంగతి ఇంటిని, బంధువర్గాన్ని కదిలిస్తుంది. కాబట్టి ఆయన త్రోవను యథాతథంగా మనవారికి నమూనాగా చూపలేము.

అయినను చివరి అధ్యాయంలో ఈ లోపాన్ని కొంత తీర్చే ఒక సంఘటన ఉన్నది. 1989లో ఆయన నైజీరియాలో ఎకు అనే ఊరిలోని మిషను ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. క్షయ వలన గుండె చుట్టూ నీరు చేరి మరణావస్థలో ఉన్న ఒక యువ రైతుకు సూదితో ఆ నీటిని తీసి ప్రాణం కాపాడారు. తాను ఇక్కడకు రావడం వలన ఏమి మారుతుందని నిరుత్సాహపడుతున్న ఆయనతో ఆ రైతు, మీరు నా కొరకే వచ్చారని అన్నాడు. శాస్త్రం, విశ్వాసం గ్రంథమంతటిలో అత్యంత సహజంగా కలిసిన చోటు మా దృష్టికి ఇదే. అక్కడ ఏ సిద్ధాంతమూ వాదింపబడలేదు.

6. మన సంఘాలకు వర్తింపు

కాలిన్స్ తన గ్రంథంలో ఏ ఇద్దరు మానవుల జన్యు అక్షరాలైనా 99.9 శాతం ఒకటేనని నొక్కి చెబుతారు. ఈ మాటకు తెలుగు దేశంలో ఆయన ఊహించని అర్థమున్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, వారు పరీక్షించిన భారతీయ సమూహాలలో అత్యధికం, ఏ కులమైనను, రెండు పురాతన జనాల మిశ్రమమేనని చూపారు. 2013లో వెలువడిన తరువాతి పరిశోధన, సుమారు 4,200 నుండి 1,900 ఏళ్ళ క్రితం వరకు ఈ కలయిక విస్తారంగా జరిగినదని, ఆ తరువాతనే తమలో తామే పెండ్లి చేసికొనే అలవాటు బిగిసినదని తెలిపినది. అనగా కులపు గోడ మానవ స్వభావంలో పుట్టినది కాదు, తరువాత కట్టినది.

అపొస్తలుల కార్యములు 17:26లో పౌలు ఏథెన్సు పండితులకు ప్రకటించిన మానవ ఏకత్వానికి జన్యుశాస్త్రం నేడు తన భాషలో సాక్ష్యమిస్తున్నది. ఆదికాండమును కాపాడుటకు జన్యుశాస్త్రంతో పోరాడే మనం, ఆదికాండము బోధించే ఈ ఏకత్వాన్ని పెండ్లి సంబంధాలు చూచేటప్పుడు ఎంతవరకు నమ్ముచున్నాము? శాస్త్రం మనలను గద్దించే ఈ చోటును మన యౌవనస్థులు మనకంటె ముందే గమనించారు.

మరియొక సంగతి. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి సైన్సు పుస్తకం నుండి పరిణామ పాఠాన్ని తొలగించినప్పుడు మన వారిలో కొందరు సంతోషించారు. ఆ సంతోషం తొందరపాటు. పన్నెండవ తరగతిలో ఆ పాఠం ఉన్నది, వైద్య విద్యలో ఆ జ్ఞానం ఉన్నది. పాఠం తీసివేసినంత మాత్రాన ప్రశ్న పోదు. ప్రశ్న అడిగే వయస్సులో ఇంటి దగ్గర ఉన్న పిల్లవాడు, హాస్టలులో ఒంటరిగా ఉన్నప్పుడు దానిని ఎదుర్కొంటాడు, అంతే.

కాపరులు చేయగలిగినవి ఎక్కువేమీ కావు. తెలియని శాస్త్రాన్ని వేదిక మీద ఎగతాళి చేయకుండుట. ఆదికాండము మొదటి అధ్యాయాలను, అవి ఏ ప్రశ్నలకు జవాబిస్తున్నవో చూపుతూ, శ్రద్ధగా బోధించుట. సంఘంలోని వైద్యులను, అధ్యాపకులను యౌవనస్థుల మధ్య కూర్చుండబెట్టుట. వాక్యాన్ని నమ్మే విశ్వాసులు ఈ విషయంలో ఒకే అభిప్రాయం గలవారు కారని దాచకుండా చెప్పుట. ఆరు దినాలను అక్షరార్థంగా నమ్మే సహోదరుని తక్కువగా చూడకుండుట కూడా ఇందులో భాగమే. అతడు కాపాడదలచినది వాక్యాధికారాన్ని. ఆ ఆతురత మంచిది.

ముగింపు

‘ద లాంగ్వేజ్ ఆఫ్ గాడ్’ దైవశాస్త్ర గ్రంథంగా అసంపూర్ణమైనది. నైతిక నియమాన్ని గూర్చిన దాని వాదన తన సూత్రానికే విరుద్ధంగా నడుస్తుంది. ఆదామును గూర్చి అది చెప్పినది చాలదు. సాక్ష్యంగా మాత్రం అది విలువైనది. పరిణామాన్ని అంగీకరించే మనస్సులోనికి క్రీస్తు ప్రవేశించగలడనుటకు, అక్కడ యాభై ఏళ్ళ వరకు నిలిచియుండగలడనుటకు ఆ జీవితం ఒక నిదర్శనం. విద్యార్థులు దానిని కిడ్నర్ వ్యాఖ్యానంతోను, రోమా పత్రికతోను కలిపి చదువవలెనని మా సలహా.

మా యొద్దకు వచ్చిన ఆ యువకునికి ఇప్పుడైతే ఏమి చెప్పియుందుము? "బాబూ, నాకు జీవశాస్త్రం అంతగా తెలియదు. నీవు చదివినది నాకు కూడా చెప్పు. ఈ విషయంలో దేవుని బిడ్డలు రెండు విధాలుగా ఆలోచిస్తారు. కాని యేసు మృతులలో నుండి లేచాడన్నది మాత్రం పరీక్షకు ఒకటి, ఆదివారానికి ఒకటి కాదు. అది రెండు చోట్లా నిజమే" అని చెప్పియుందుము. అది గొప్ప జవాబు కాదు. కాని అతనికి రెండు హృదయాలు పెట్టుకోమని నేర్పియుండేది కాదు. ఆ జవాబు కొరకు వేచియున్న మరియొకడు మన సంఘంలో ఈ ఆదివారం వెనుక వరుసలో కూర్చుని ఉంటాడు.